భుయ్యాడీహ్ కుళాయి దగ్గర జపాన్ కబుర్లు

మన ఉక్కు ఊరి నుంచి ఖర్కాయి నది వంతెన దాటి ఆదిత్యపూర్‌లోకి వెళ్తే, లారీ కమాను కట్టల్లో తొడిగే బుష్‌లు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉంది. బుష్ అంటే బొటనవేలంత లావు లోహపు గొట్టం, అంతే. కంపెనీ పేరు రాయను. అలాంటివి అక్కడ చాలా ఉన్నాయి, కథ దాదాపు అన్నిటిదీ ఒకటే. దాని తనిఖీ గదిలో గోడకు ఒక చెక్క బోర్డు వేలాడుతుంది. ఇరవై రెండు చెడిపోయిన బుష్‌లను తీగతో కట్టి, ఒక్కోదాని కింద ఏం లోపమో, అది వేలికి ఎలా తెలుస్తుందో హిందీలో రాసి ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు బడీ అదే, పుస్తకమూ అదే.

ఆ ఇరవై రెండింటినీ రెండేళ్ల పాటు ఏరి, దాచి, కట్టింది రోహిణి. బోర్డు కింద పేరు మాత్రం సూపర్‌వైజర్ ప్రేమ్‌కుమార్‌ది. దానికి ఆయన షీల్డు కూడా అందుకున్నాడు. ఆ రోజు అందరికీ తలో లడ్డూ పంచి, రోహిణికి రెండు ఇచ్చాడు.

"రెండిచ్చాడు కదా" అని నవ్వేసి ఊరుకుంది రోహిణి. తొమ్మిదేళ్లుగా ఆ గదిలో గోటి కొనతో బుష్ లోపలి అంచు తడిమి, మంచిదా చెడ్డదా తేల్చేది ఆమే. ఆమె దగ్గర పని నేర్చుకున్న మగపిల్లలు ఇన్‌స్పెక్టర్లు అయ్యారు. ఆమె మాత్రం కాగితాల మీద హెల్పర్. హెల్పర్ అన్నది పని పేరు కాదు. పేరు పెట్టకుండా పని చేయించుకునే ఉపాయం.

నిరుడు వానాకాలంలో ఒక నోటీసు పడింది. ఆ కంపెనీ బుష్‌లు కొనే జపాన్ వాళ్లు ముగ్గురు తనిఖీ మనుషులను తమ దేశం తీసుకెళ్లి నాలుగు నెలలు శిక్షణ ఇస్తారట. తిరిగి వచ్చాక పర్మినెంటు ఉద్యోగం. రెండు నెలల్లో హయాషి అనే పెద్దమనిషి స్వయంగా వచ్చి, కాసేపు జపనీస్‌లో మాట్లాడి ఎంచుకుంటారట. ప్రేమ్‌కుమార్ సాయంత్రానికల్లా మూడు పేర్లు రాసేశాడు. మూడూ రోహిణి నేర్పిన కుర్రాళ్లవే.

రోహిణి తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక మాట అడిగింది. "సర్, ఔర్ హమ్?" మరి నేను అని.

"తుమ్ హెల్పర్ హో. ఊపర్ సే, జపానీ ఆతీ హై క్యా?" అన్నాడాయన. నువ్వు హెల్పర్‌వి, పైగా జపనీస్ వచ్చా అని.

"సీఖ్ లేంగే సర్" అంది. నేర్చుకుంటాం అని.

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. కానీ సరదాకి అన్న మాట కాదు అది. ఆ ముగ్గురిలో ఒకరిగా వెళ్లి రాగలిగితే హెల్పర్ అన్న మాట తన వంటి మీంచి ఊడిపోతుంది. లేకపోతే అదే మాటతో రిటైరవుతుంది. ఇంకో దారి లేదు, ఆమెకి తెలుసు.

ఆ ముగ్గురికీ కంపెనీ మాస్టారిని పెట్టింది. ఆ క్లాసులోకి రోహిణిని రానివ్వలేదు. ఆమె ఫోన్‌లో పాఠాలు ఎక్కించుకుని, చెవిలో పెట్టుకుని, రోడ్డు మీద గొణుక్కుంటూ తిరగడం మొదలుపెట్టింది.

రోహిణి తల్లి తవిటమ్మ ఆదిత్యపూర్‌లోనే సత్యభామ గారింట్లో పదేళ్లుగా వంట చేస్తోంది. సత్యభామ భర్త నరసింహం రిటైరైన ఇంజనీరు. ఒకప్పుడు ఉద్యోగం మీద ఆయన ఆరేళ్లు జపాన్‌లో ఉన్నాడు, ఆవిడా ఉంది. ఆయన ఆఫీసులో ఇంగ్లీషుతో నెట్టుకొచ్చాడు. ఆవిడ కూరగాయల కొట్టు వాళ్లతోనూ పక్కింటి ముసలమ్మలతోనూ వాదించి వాదించి జపనీస్ నేర్చుకుంది. తిరిగొచ్చి ఇరవై ఏళ్లు. మాట్లాడటానికి మనిషి లేక ఆ భాష ఆవిడ నోట్లో నానుతూ ఉండిపోయింది.

తవిటమ్మకి జ్వరం వచ్చిన రోజు ఆ కబురు చెప్పడానికి రోహిణి వాళ్లింటికి వెళ్లింది. తలుపు తీసేసరికి చెవిలో పాఠం, నోట్లో పాఠం.

"ఏమన్నావ్?" అంది సత్యభామ.

"అమ్మకి జొరం అమ్మగారూ, రెండ్రోజులు రాదు. నాను అదే సెప్పడానికి..."

"అది కాదే. అంతకు ముందు ఏదో గొణిగావ్."

రోహిణి సిగ్గుపడిపోయింది. "కోరె వా హొన్ దెస్. జపాన్ బాస అమ్మగారు. ఇది పుస్తకం అని."

సత్యభామ గడప పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఇది పుస్తకమని నాకొకరు చెప్పాలా? నాకు కళ్లు లేవా? ఆరేళ్లున్నానే ఆ దేశంలో, ఒక్క మనిషి కూడా పుస్తకం చూపించి ఇది పుస్తకం అనలేదు. రా లోపలికి. ఆగాగు! గుమ్మంలోనే మొదటి పాఠం. ఒకరింట్లోకి వెళ్లేటప్పుడు ఒజామ షిమాస్ అనాలి. మీకు అడ్డం వస్తున్నానండీ అని."

"అడ్డం వత్తన్నానని సెప్పి మరీ వత్తారా?"

"మరీ వస్తారు."

రోహిణి అలవాటుగా గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మనందరికీ తెలుసు, తెలియనట్టు ఉంటాం. సత్యభామ ఒక్క క్షణం చూసి, "జపాన్‌లో ఇంతే" అంటూ మోకాళ్లు మడిచి తనూ ఎదురుగా కూలబడింది. అరవై ఆరేళ్ల మోకాళ్లు. లేవడానికి రోహిణి ఒక పక్కా నరసింహం ఒక పక్కా పట్టుకోవలసి వచ్చింది. మర్నాటి నుంచి ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కుర్చీల్లో కూర్చున్నారు.

"అమ్మగారు అనకు. సత్యభామ-సాన్ అను. సాన్ అంటే మన గారు లాంటిదే" అంది ఆవిడ.

"ఓలమ్మో! నోరు తిరగదు."

నోరు తిరగక కాదు. తల్లి పదేళ్లుగా అన్నం వండుతున్న ఇంట్లో యజమానురాలిని పేరు పెట్టి పిలవడానికి మనిషికి ధైర్యం రాదు. బేరం మీద బేరం సాగి చివరికి "అమ్మగారు-సాన్" దగ్గర రాజీ కుదిరింది.

షిఫ్టు దిగగానే రోజూ గంట. పుస్తకం లేదు, పలక లేదు. పని ముగించి ముందుగా వెళ్లేవాళ్లు "ఒసాకి ని" అంటారు, మీకన్నా ముందు వెళ్తున్నాను ఏమనుకోకండి అని. ఉన్నవాళ్లు "ఒత్సుకారెసమా" అంటారు, అలసిపోయారు పాపం అని. దెబ్బ తగిలిందా అన్నా, టీ కావాలా అన్నా, ఆలస్యమైందా అన్నా జవాబు "దైజోబు", ఫరవాలేదు అని. ఆ ఒక్క మాటతో సగం రోజు వెళ్లదీయొచ్చు.

"కాదు, వద్దు, కుదరదు. ఈ మూడూ మొహం మీద అనరు" అంది సత్యభామ. "చోత్తో... అని సాగదీసి వదిలేస్తారు. కొంచెం... అని. మిగతాది ఎదుటివాడే తెలుసుకోవాలి."

"మా అమ్మా అంతే కదా! ఎవులైనా పెళ్లికి రమ్మంటే, సూడాల మరి... అంటాది. ఇంకెల్లదు."

"అదిగో! మీ అమ్మకి జపనీస్ వచ్చు."

వంటింట్లోంచి తవిటమ్మ, "నాకేటొచ్చు? ఉప్మా అడుగంటేలా ఉంది, మీ జపాను కట్టేసి తినండి" అంది.

అసలు చిక్కు రెండో వారంలో వచ్చింది. సత్యభామ తన పక్కింటి ముసలమ్మ కథ జపనీస్‌లో చెబుతోంది. రోహిణి చేతులు కట్టుకుని, కళ్లు దించుకుని, నోరు మూసుకుని వింటోంది. సత్యభామ మధ్యలో ఆగిపోయింది.

"విన్నావా, లేదా?"

"ఇన్నాను అమ్మగారు-సాన్."

"మరి గోడలా కూర్చున్నావేం?"

"పెద్దోలు మాటాడతంటే మద్దెలో నోరెత్తకూడదు కదా. కంపెనీలో అదే సెప్తారు."

కంపెనీలో అదే చెబుతారు. ఇంట్లో చెబుతారు, బడిలో చెబుతారు. కూలి పని చేసేవాళ్లకి మనం నేర్పే మొదటి క్రమశిక్షణ మౌనమే.

"అక్కడ నోరు మూసుకుంటే అర్థం కాలేదనుకుంటారే. లేకపోతే కోపం వచ్చిందనుకుంటారు" అంది సత్యభామ. "చిన్నప్పుడు మీ అమ్మ కథ చెబుతుంటే ఏం చేసేదానివి?"

"ఊ కొట్టేదాన్ని. కొట్టకపోతే ఆపేసీది."

"మరి కొట్టు! వాళ్లు దాన్ని ఐజుచి అంటారు. కొలిమి దగ్గర ఒకడు సుత్తితో వేస్తే ఎదురుగా ఉన్నవాడు జోడు దెబ్బ వేస్తాడు చూడు, అదట."

రోహిణి కళ్లు వెలిగిపోయాయి. పట్టు దొరికింది. స్నేహితులకైతే "ఉన్", పెద్దవాళ్లకైతే "హై". ఆశ్చర్యమైతే గొంతు పైకి లాగి "హేఏఏ!" కొత్త సంగతి తెలిస్తే "సొక్కా". ఓహో, ఇప్పుడు బోధపడింది అంటే "నారుహొదొ". సమయం కావాలంటే "సో దెస్ నేఏ..." అని ఆకాశం కేసి చూడటం.

ఇక ఆ మనిషిని ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆమె భర్త మురళి ఆటో నడుపుతాడు. పొద్దున్నే సాక్చీ మీదుగా ఆమెని దింపుతూ, ముందు రోజు ప్యాసింజర్ల తగాదాలు చెబుతుంటాడు.

"నిన్న భాలుబాసా ముసలాడొకడు నాతో దెబ్బలాట పెట్టుకున్నాడే."

"హేఏఏ!"

"ముందరెక్కించుకున్నోన్ని ముందర దింపాలంటాడు."

"సొక్కా..."

"నానన్నాను, తాతా, ఇది ఆటో, లైను కాదూ అని."

"నారుహొదొ!"

మురళి బండి పక్కకి తీసి ఆపేశాడు. వెనక సీట్లో ముగ్గురు బెదిరిపోయారు. "రోహిణీ, పెళ్లై ఎనిమిదేళ్లలో నా మాట నువ్వింత బాగా ఎప్పుడూ ఇన్లేదే! ఈ జపాను మానకే నువ్వు."

భుయ్యాడీహ్‌లో వీళ్ల సందు కుళాయి దగ్గర ఆడవాళ్లకి ఈ జబ్బు వారంలో అంటుకుంది. బిందె నిండి వెళ్లేవాళ్లు "ఒసాకి ని", మిగతా వరస "ఒత్సుకారెసమా". ఒక ఆదివారం పైడిబాబు అనే మహానుభావుడు పది గంటలకి నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుంటూ, టవల్ భుజాన వేసుకుని బయటకొచ్చాడు. అప్పటికి అతని పెళ్లాం నాలుగిళ్లలో పని ముగించుకొచ్చి కుళాయి దగ్గర నిలబడి ఉంది. వరసంతా ఒక్క గొంతుతో వంగి, "ఒత్సుకారెసమా దెష్‌తా!" అంది.

"ఏటంటన్నారే?" అన్నాడు.

"బాగా అలిసిపోనావు బాబూ, పాపం, అంటన్నాం" అంది పెళ్లామే.

ఆ రోజు పైడిబాబు బిందె తనే మోశాడు. ఒక్క రోజే అనుకోండి.

హయాషి గారు వచ్చే రోజు వచ్చింది. ఆఫీసు గదిలో ముగ్గురు కుర్రాళ్లూ కొత్త చొక్కాల్లో కూర్చున్నారు. మాస్టారు బట్టీ పట్టించినవి గడగడా అప్పజెప్పారు. పేరు, ఊరు, కుటుంబం. ఒక్క తప్పు లేదు. తర్వాత హయాషి మాట్లాడటం మొదలుపెట్టాడు. కుర్రాళ్లు ఎంతో మర్యాదగా చేతులు కట్టుకుని, కళ్లు దించుకుని నిశ్శబ్దంగా విన్నారు. ఆయన ఆగాడు. అర్థం కాలేదేమోనని మళ్లీ మెల్లగా చెప్పాడు. ఇంకా నిశ్శబ్దం. ఇంకా మర్యాద. పది నిమిషాలకి ఆయన గొంతు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. వాళ్ల తప్పేమీ లేదు. మనం ఎలా కూర్చోమన్నామో అలాగే కూర్చున్నారు.

"మిషన్లుండే షాపు చూద్దాం" అన్నాడట. కోల్‌కతా నుంచి వచ్చిన దుబాసీ అమ్మాయి మైత్రి ఆ మాట తిప్పి చెప్పింది.

ఆ షాపులో జపాన్ వాళ్లు పెట్టిన పద్ధతి ఒకటుంది. మిషన్ వేసే ముందు అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసి, చెయ్యి చాచి, వేలు పెట్టి చూపించి "యోషి!" అని గట్టిగా అరవాలి. సరిగ్గా ఉంది అని. మొదట్లో అందరూ సిగ్గుతో చచ్చారు. తర్వాత ఎంత అలవాటైందంటే, టీ బండి వచ్చినా దానికేసి వేలు చాచి యోషి.

హయాషి నడిచి నడిచి, తనిఖీ గది ముందు వేసిన రోహిణి టేబుల్ దగ్గర ఆగాడు. అక్కడ ఒక ట్రే నిండా బుష్‌లు. ఆ పొద్దున్నే ఆమె చూడకుండానే ప్రేమ్‌కుమార్ ఓకే ముద్ర వేయించినవి. ఆయన ఒకటి తీసి పట్టుకుని, ఎవరినీ ఉద్దేశించకుండా, "కోరె, దో?" అన్నాడు. ఇదెలా ఉంది అని.

మైత్రి నోరు తెరిచే లోపు టేబుల్ అవతల నుంచి, "సో దెస్ నేఏ..." అని వినిపించింది.

అందరూ తిరిగి చూశారు. రోహిణి పైకప్పు కేసి చూస్తోంది. తర్వాత చెయ్యి చాచి బుష్ తీసుకుంది, గోరు లోపల పెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పింది, ఒక చోట ఆపింది. ముఖం కొంచెం పక్కకి వాల్చి, ఎంతో బాధగా, "చోత్తో..." అంది.

అంతే.

"క్యా బోలీ?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

మైత్రి నవ్వు బిగబట్టుకుంది. "ఏమీ అనలేదు సర్. కానీ ఆ ట్రే మొత్తం వెనక్కి పంపాలి."

హయాషి తన గోరు అదే చోట పెట్టి చూసుకున్నాడు. వెంట్రుకంత అంచు తగిలింది. అప్పుడు ఆయన ముఖం విప్పారింది, నోరూ విప్పారింది. ఆ అంచు ఎలా వస్తుందో, తన కుర్రతనంలో ఒక పెద్దాయన తనకి గోటితో చూడటం ఎలా నేర్పాడో, ఇప్పుడు మిషన్లొచ్చాక ఎవరూ చేతిని నమ్మడం లేదని... ఆనకట్ట తెగినట్టు చెబుతూనే ఉన్నాడు. రోహిణికి అందులో మూడో వంతు అర్థమైందేమో. మిగతా రెండు వంతులకీ తడుముకోకుండా ఊ కొట్టింది. అర్థమైన చోట "నారుహొదొ" అంది. బొత్తిగా తెలియని చోట సిగ్గుపడకుండా, "సుమిమాసెన్, మో ఇచిదో" అని మళ్లీ చెప్పించుకుంది. ఇరవై నిమిషాలు. లేత్ మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"ఈవిడ పేరు లిస్టులో లేదే?" అని అడిగించాడు హయాషి.

"హెల్పర్ హై సర్" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"మరి ఈ టేబుల్ దగ్గర ఏది మంచిదో, ఏది కాదో తేల్చేది ఎవరు?"

"టీమ్ వర్క్ సర్."

లేత్ మీద బలరామ్ అని ఒక ఆపరేటరు. ఆరేళ్ల క్రితం రోహిణి దగ్గరే పని నేర్చుకున్నాడు. నోరు విప్పితే ఏమవుతుందో అతనికి తెలుసు. అందుకే కంపెనీ నేర్పిన పద్ధతే వాడుకున్నాడు. చెయ్యి చాచాడు, వేలు రోహిణికేసి పెట్టి, షాపు అదిరేలా, "యోషి!" అన్నాడు.

పక్క మిషన్ మీదవాడూ వేలు చాచాడు. "యోషి!" ఆ పక్కవాడు, "యోషి!" ప్యాకింగ్ ఆడవాళ్లు, టీ బండి మనిషి, చివరికి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ ముగ్గురు కొత్త చొక్కాల కుర్రాళ్లు కూడా. ఇరవై వేళ్లు ఒక్క మనిషి కేసి. రోహిణి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు కారిపోతోంది.

ఆ మధ్యాహ్నం ఆఫీసు గదిలో ఆమెతో కూడా మాట్లాడారు. ఆదివారాలు ఏం చేస్తావని అడిగాడు హయాషి. వచ్చిన మాటలు, రాని చోట చేతులు కలిపి, కుళాయి వరస, పైడిబాబు టవల్, ఆ వంగి దండం పెట్టడం అన్నీ చెప్పింది. ఆయన "హేఏఏ!" అన్నాడు, "సొక్కా, సొక్కా!" అన్నాడు, బల్ల మీద చరిచి నవ్వాడు.

ఇంటికొచ్చి రోహిణి అమ్మకి చెప్పిన మాట ఇది: "సెలెట్ సేత్తారో నేదో తెల్దమ్మా. కానీ నా మాటకి ఓ ఆఫీసరు ఊ కొట్టాడే. తొమ్మిదేళ్లలో ఒక్కడు కొట్నేదు."

"ఊ" అంది తవిటమ్మ, కళ్లు ఒత్తుకుంటూ.

పది రోజులకి లిస్టు వచ్చింది. రెండో పేరు రోహిణిది. హెల్పర్లను పంపే నిబంధన లేదని కంపెనీ అంటే, అవతలి వాళ్లు, అయితే ఇన్‌స్పెక్టర్ అని రాసి పంపండి అన్నారు. తొమ్మిదేళ్లు కుదరని పని ఒక పూటలో కుదిరింది. పాస్‌పోర్టు వచ్చింది. పోలీసు విచారణకి వచ్చిన కానిస్టేబుల్‌ని కుళాయి దగ్గర ఆడవాళ్లు "ఒత్సుకారెసమా" అని సాగనంపారు. వచ్చే నెల మొదటి వారంలో ప్రయాణం. సూట్‌కేసు నిండా తవిటమ్మ చింతకాయ పచ్చడే. అక్కడి వాళ్లకి అది పెడితే ఏమంటారని సత్యభామని అడిగితే, "చోత్తో... అంటారు. నువ్వు వినిపించుకోకు" అంది.

ఇప్పుడు మీతో ఒక మాట. ఒక్క మనిషి వెళ్తోంది కాబట్టి సంబరపడి ఊరుకోవడానికి లేదు. రోహిణిని చూసి భుయ్యాడీహ్‌లో తొమ్మిది మంది ఆడవాళ్లు నేర్చుకోవడానికి కూర్చున్నారు. అందరూ ఆదిత్యపూర్ షాపుల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లే. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి మురళి ఆటోలో సత్యభామ ఆ సందుకి వెళ్తోంది. ఆవిడ ఒక్కర్తే, వీళ్లు తొమ్మిది మంది. ఫోన్ పాఠం చెబుతుంది కానీ ఊ కొట్టదు. మాట్లాడే భాషకి ఎదురుగా మనిషి కావాలి.

ఈ ఊళ్లో తెలుగు ఇంజనీర్ల ఇళ్లు తక్కువ లేవు. కంపెనీ పంపితే జపాన్ వెళ్లి, ఏడాదో రెండేళ్లో ఉండి వచ్చినవాళ్లు, వాళ్లతో వెళ్లి కొట్లలో బేరాలాడి వచ్చిన ఇల్లాళ్లు ఉన్నారు. ఆ భాష మీ దగ్గర ఊరికే పడి ఉంది. నెలకి రెండు ఆదివారాలు, గంట చొప్పున ఇవ్వండి. వ్యాకరణం అక్కర్లేదు, వచ్చి కబుర్లు చెప్పండి, వాళ్ల కబుర్లు వినండి. మీలో లిస్టుల మీద సంతకం పెట్టేవాళ్లుంటే, పెట్టే ముందు దాన్ని షాపు గోడకి అంటించి, ఎవరి పేరు తప్పిపోయిందని నలుగురినీ అడగండి. ఈ ఆదివారం నాలుగింటికి ఆ సందులో తొమ్మిది మంది ఎదురుచూస్తుంటారు. వెళ్లండి.